అంటుకోదని తేలాక

"ఆ చేతులతో పిల్లని ఎత్తుకోకు!" అత్తగారు మనవరాలిని లాక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఏడాదిన్నర పాప గుమ్మం దాటేదాకా అమ్మకేసి చేతులు చాపుతూనే ఉంది.

మణికట్టు నుంచి మోచేతిదాకా ఎర్రటి చారలు, మధ్యమధ్య నీటిబొబ్బలు. మొన్న పొద్దున లేచేసరికి తేలాయి. అవేమిటో ఎవరికీ తెలీదు గానీ, అంటురోగమని మాత్రం ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మొగుడు పక్క వేరే గదిలో వేసుకున్నాడు. పోనీ, వాళ్ళ భయం వాళ్ళది అనుకుందామె. కానీ ఇదెక్కడి న్యాయం? వడ్డించడానికి పనికిరాని చేతులు అంట్లు తోమడానికి పనికొస్తాయి. పిల్లని తాకకూడదు గానీ బాత్రూం కడగొచ్చు. "సబ్బుకి పురుగులన్నీ చస్తాయిలే" అంది అత్తగారు, పెద్ద డాక్టరైనట్టు. "నీ చేతులు చూస్తుంటే తిండి సయించట్లేదు" అన్నాడాయన, ఆ చేతులు ఉతికిన చొక్కానే తొడుక్కుంటూ. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బొబ్బల మంట దానిముందు ఏపాటి! పాప 'అమ్మా' అని ఏడ్చినప్పుడల్లా గోడకివతల నిలబడి పళ్ళు కొరుక్కుంది.

చివరికి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ చారలు చూసి, "ఎండలోకి వెళ్ళేముందు నిమ్మకాయలేమైనా పిండావామ్మా?" అనడిగింది.

పిండకేం! ఆదివారం ఆయన స్నేహితులు టీవీలో ఆట చూడ్డానికి వచ్చి హాల్లో కూర్చుంటే బుట్టెడు కాయలు పిండింది. రసం మోచేతులదాకా కారింది. కడుక్కునేలోపే "బట్టలింకా ఆరెయ్యలేదా?" అని అత్తగారి కేక. మిట్టమధ్యాహ్నం మేడెక్కి దుప్పట్లన్నీ ఆరేసింది.

"అదీ సంగతి. రసం పడ్డచోట ఎండ తగిలి కాలింది. ఎవరికీ అంటుకోదు. మచ్చలు కొన్నాళ్ళుండి పోతాయి."

ఇంట్లో అడుగుపెట్టగానే మొగుడు లేచి నిలబడ్డాడు. "అంటుకుంటుందా?"

"అంటుకోదు. నిమ్మరసం మీద ఎండ పడి కాలిందట."

"హమ్మయ్య! హడలి చచ్చాం." మళ్ళీ సోఫాలో వాలాడు. "సరే, మావాళ్ళు వస్తున్నారు. కాయలు బల్లమీద పెట్టాను, చల్లగా కలిపెయ్. ఈసారి చేతులు కడుక్కో."

నొప్పిగా ఉందా అని ఒక్క మాట! చచ్చినా రాదు ఆ నోట్లోంచి. ఆమె తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్ళి పాపని ఎత్తుకుంది. పాప మెడని కరుచుకుపోయింది. బొబ్బలు ఒరుసుకున్నా ఆమె వదల్లేదు.

"మరి నిమ్మరసం?" అన్నాడాయన.

"మీరు పిండండి. బకెట్లో బట్టలు కూడా అలాగే ఉన్నాయి, మీరే ఆరెయ్యండి. భయపడకండి, పని అంటుకున్నా ఎవరూ చావరు."