మొదటి రౌండులో రాహేలు

నేను ఒక బేస్‌బాల్ బంతిని. దెబ్బలు తినడానికి పుట్టాను. అందులో నాకు నామోషీ లేదు. బ్యాటు తగిలినప్పుడే నేను బంతిని, మిగతా సమయమంతా ఉత్త తోలుముద్దని.

మీరట్‌లో నన్ను తయారు చేశారు. లోపల బెండు, దానిమీద రబ్బరు, చుట్టూ ఉన్ని దారం, పైన తెల్ల తోలు. ఎర్ర దారంతో నూట ఎనిమిది కుట్లు. అష్టోత్తరం. పూజ మాత్రం ఎవరూ చెయ్యలేదు. కుట్టినవాడికి ఈ ఆట తెలియదు. తెలియదు కాబట్టి దాని గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. పని ముగించి పక్కన పడేశాడు. ఆ తర్వాత నా బతుకులో అంత మర్యాదస్తుడు తగల్లేదు.

అక్కడినుంచి పల్నాడులో ఒక టౌనుకు వచ్చాను. పేరు చెప్పను. ఊరుకు మంచిపేరు తెచ్చే సంగతి నా దగ్గర ఏమీ లేదు. జూనియర్ కాలేజీలో ఆటలు నేర్పే పి.డి. మస్తాన్‌వలి నన్ను మరికొన్ని బంతులతోపాటు గోనెసంచిలో పోసి గ్రౌండుకు మోసుకొచ్చాడు. వచ్చినరోజే చూశాను. ఆ గ్రౌండులో రెండు జాతులున్నాయి. ఫొటోకి నిలబడేవాళ్లు, ఆడేవాళ్లు. ఫొటో జాతి ఇస్త్రీ బట్టల్లో వస్తుంది, టోపీ సర్దుకుంటుంది, బ్యాటు భుజాన పెట్టుకుని పళ్లికిలిస్తుంది, స్పోర్ట్స్ కోటాలో సీటు వచ్చేదాకా దేశానికి ఆడుతున్నట్టు మాట్లాడుతుంది. సీటు వచ్చాక బంతి గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో కూడా మరిచిపోతుంది.

ఆడే జాతిలో నేను చూసిన మనిషి ఒక్కతే, రాహేలు. వాళ్ల నాన్న కోల్డ్‌స్టోరేజీలో మిర్చి బస్తాలు మోస్తాడు. ఈ పిల్ల ఇంటర్ పూర్తిచేసి, ఆటల మాస్టర్ల కోర్సు డి.పి.ఎడ్. చదివి తానూ పి.డి. కావాలని పట్టుపట్టింది. దానికి సీటు కావాలి. సీటుకు రాష్ట్ర పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర పోటీలకు పోవాలంటే జిల్లా జట్టులో పేరుండాలి. ఆమెకు కావలసింది అంతే. ఎవరి సొమ్మూ అడగలేదు.

ఆమె పిచర్. అంటే నన్ను విసిరే మనిషి. రెండు వేళ్లు కుట్టుమీద అడ్డంగా వేసి, బొటనవేలు కింద ఆనించి పట్టుకునేది. వదిలిన తర్వాత నేను తిన్నగా పోతున్నాననే అనుకునేవాణ్ని. బ్యాటు దగ్గరికి వచ్చేసరికి కాళ్లకింద మెట్టు లేనట్టు దిగిపోయేవాణ్ని. బ్యాటు గాలిని కొట్టేది. నేను పోయి మస్తాన్‌వలి గ్లౌజులో దిగబడేవాణ్ని.

"అరచెయ్యి మంటెత్తిపోతంది తల్లీ, కాస్త చూసి వెయ్యి," అనేవాడాయన.

"మీరే గదండీ గట్టిగా ఎయ్యమంది."

"ఎయ్యమన్నా. సంపమన్నానా?"

గ్రౌండుకు ఎదురుగా భుజంగరావు మందుల షాపు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు వచ్చి కంచె పట్టుకుని నిలబడేవాడు. ఆ ఊళ్లో పనిలేనివాళ్లు చాలామందే ఉన్నారు కాని, ఆ పిల్ల బంతి వేస్తుంటే నిలబడి చూసినవాడు ఆయన ఒక్కడే. ఆ సంగతి ఆయన పద్దులో వేస్తున్నాను. వేయడానికి ఇంకేమీ లేదు.

మస్తాన్‌వలికి ఆయన అప్పుడప్పుడు నొప్పుల స్ప్రే ఉచితంగా ఇచ్చేవాడు. ఒకరోజు, "మా లీగుకి ఒక బంతి ఇప్పించండి మస్తాన్ గారూ," అని అడిగాడు. మస్తాన్‌వలి మొహమాటం మనిషి, సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి నేను దొరికాను. అలా నేను ఆటలోనుంచి లీగులోకి వెళ్లాను. పాలేరుతనం మాని పేకాటకు పోయినట్టు.

లీగంటే ఏమిటో చెప్పాలి. మందుల షాపు పైగదిలో ప్రతి ఆదివారం ఉదయం ఆరుగురు పెద్దమనుషులు చేరేవారు. అమెరికావాళ్లు ఆడతారట, ఫాంటసీ లీగని. ఎవరో ఫోనులో చూసి తెచ్చి అంటించారు. గ్రౌండులోకి దిగే పని లేదు. పెద్ద జట్లలోకి ఇంకా పోని పిల్లకాయల్లోనుంచి ఒక్కొక్కరు తలా ఒక పేరు చొప్పున రౌండ్లవారీగా ఎంచుకోవాలి. తర్వాత ఆ పిల్లలు నిజం పోటీల్లో ఎండలో పడి ఆడితే, ఆ పరుగులకు పాయింట్లు ఈ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు. పిల్లల పేర్లు ఎంచుకున్నందుకు ఆ ఆరుగురినీ 'ఓనర్లు' అంటారు. ఆ మాట వాళ్లలో ఒక్కరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

ఒకటే నియమం పెట్టుకున్నారు. వంతు వచ్చినవాడు నన్ను చేత్తో పట్టుకుని పేరు చెప్పాలి. నేను చేతిలో ఉండగా అన్న పేరు వెనక్కి తీసుకోరాదు.

మొదటి రౌండు అయ్యాక గ్రేడులు. అవి ఇచ్చేవాడు సీతాపతి, రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరరు. ఈయన గ్రౌండు మొహం చూసినవాడు కాదు. ఎండ పడదట. ఎవరు ఏ రౌండులో పోతారని మీ అంచనా అని ముందే ఆ ఆరుగురినీ అడిగి, వాళ్ల ఊహల సగటు తీసి, అంతకంటే ముందు తీసుకున్నవాడు తెలివితక్కువవాడు, తర్వాత తీసుకున్నవాడు తెలివైనవాడు అని తేల్చేవాడు. గుడ్డివాళ్లు ఆరుగురు చెప్పిన ఏనుగుకు సగటు కడితే అది ఏనుగయిపోదు. లెక్చరరు గారికి ఇది ఎవరు చెబుతారు?

ఆ ఆదివారం మొదటి వంతు ప్రైవేటు కాలేజీ కరస్పాండెంట్ పూర్ణచంద్రరావుది. నన్ను పుచ్చకాయలా రెండు చేతులా పట్టుకుని, "హాసిని," అన్నాడు. ఆయన బామ్మర్ది కూతురు, పేరుకు తనూ పిచరే. ఫొటో జాతి. అందరూ బల్ల చరిచారు. తర్వాతి ఇద్దరూ తెలిసినవాళ్ల కొడుకుల పేర్లు చెప్పారు. నాలుగో వంతు భుజంగరావుది.

ఆయన నన్ను కాసేపు అలాగే పట్టుకున్నాడు. రెండు వేళ్లు కుట్టుమీద అడ్డంగా పెట్టాలని చూశాడు. కుదరలేదు.

"రాహేలు," అన్నాడు.

"ఎవరు?"

"కోల్డ్‌స్టోరేజీ యోహాను కూతురయ్యా. బంతి ఎట్టా వేస్తదనుకున్నారు! వచ్చేదాకా కనపడతది, వచ్చాక కనపడదు."

గది గొల్లుమంది. "కనపడని బంతికి కనపడని పాయింట్లు," అన్నాడు పూర్ణచంద్రరావు. "మూడో రౌండుదాకా ఆగినా నీకే గదయ్యా దొరికేది. ఎవడికి కావాలి ఆ పిల్ల?"

సీతాపతి కళ్లజోడు సర్దుకుని భుజంగరావుకు 'డి' ఇచ్చాడు. "సంత చివర్లో అగ్గవకొచ్చే వంకాయలు పొద్దున్నే పరిగెత్తిపోయి కొన్నావు భుజంగం. నా గ్రేడు సరుక్కి కాదు, బేరానికి," అన్నాడు. పూర్ణచంద్రరావుకు 'ఏ'. అందరికీ తెలిసిన పేరును అందరూ అనుకున్నచోట తీసుకోవడం ఆ శాస్త్రంలో మహా ప్రతిభ.

అక్కడితో ఆగితే అది వాళ్ల దరిద్రం, నాకేం పట్టింది. కాని సీతాపతి గ్రేడులను ఫోనులో గ్రూపుకు పెట్టాడు. బేరం, సరుకు అన్న ముక్క రాయలేదు. 'హాసిని – ఏ. రాహేలు – డి' అని ఊరుకున్నాడు. ఆ ఆరుగురిలో అంకమరావు ఒకడు. జిల్లా బేస్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సెలెక్షన్ ట్రయల్స్ నాడు బంధువుల గృహప్రవేశంలో గారెలు తింటున్నాడు. కమిటీలో మిగతావాళ్లు సంతకాలు పెట్టడానికి వచ్చి, ఎండ ముదరకముందే వెళ్లిపోయారు. ఇప్పుడు జట్టు ఎంపిక చెయ్యాలి. చేతిలో రెడీగా గ్రేడులున్నాయి. అదీ లెక్చరరు ఇచ్చినవి. అంకమరావు వాటిని కమిటీకి పంపాడు. 'ఏ' ఉన్న పిల్ల జట్టులోకి పోయింది, 'డి' ఉన్న పిల్ల పోలేదు. కొన్నవాడికి వేసిన మార్కు కొన్న వస్తువుకు పడింది. కమిటీలో ఒక్కడైనా అడగలేదు. అడగడానికి ఎవడైనా ఆమె ఆట చూసి ఉండాలి గదా.

మరుసటి ఆదివారం మస్తాన్‌వలి రాహేలును వెంటబెట్టుకుని పైగదికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారిద్దరూ. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు.

"సార్, జట్టు పేర్లు సాయంత్రం రాష్ట్ర సంఘానికి పోతాయంట. ఈ పిల్ల పేరు లేదు. ట్రయల్స్‌లో దీని బంతి ఒక్కళ్లూ తగిలించలేదు," అన్నాడు మస్తాన్‌వలి.

"పద్ధతి ప్రకారం చేశామయ్యా. గ్రేడు రాలేదు," అన్నాడు అంకమరావు.

"ఏం గ్రేడండీ?" అంది రాహేలు.

అంకమరావు సీతాపతి వైపు చూశాడు. సీతాపతి సీలింగు వైపు చూశాడు. తర్వాత క్లాసులో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "అది నీ ఆటకు ఇచ్చింది కాదమ్మా. నిన్ను తొందరపడి తీసుకున్నందుకు భుజంగరావు గారికి ఇచ్చింది. నీకేం సంబంధం లేదు."

"సంబంధం లేకపోతే ఇంట్లో కూచునేది ఆయన గదండీ, నేనెందుకు కూచుంటన్నా?"

సీతాపతి కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

"పోనీ ఆ ముక్కే కమిటీకి చెప్పండి సార్. ఒక్క మాట," అన్నాడు మస్తాన్‌వలి.

"ఇచ్చిన గ్రేడుకు సంజాయిషీలు రాసుకుంటూ పోతే గ్రేడుకు విలువేముంటుందండీ?" అన్నాడు సీతాపతి. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు అది.

అంకమరావు మరీ రాయి కాదు. ఆ పిల్ల ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఏడుపు చూడటం వీళ్లలో ఎవరికీ ఇష్టముండదు, కారణం కావడానికి మాత్రం అభ్యంతరం లేదు. బల్లమీదున్న నన్ను తీసి భుజంగరావు చేతిలో పెట్టాడు. "మనలో ఈ పిల్ల ఆట చూసింది నువ్వొక్కడివే. మొదటి రౌండుకు తగిన మనిషేనని బంతి పట్టుకుని చెప్పు. ఇప్పుడే ఫోను చేసి పేరు చేరుస్తా. కాని హాసినిని తీయాల్సొస్తది, పిచర్ చోటు ఒకటే గదా."

పూర్ణచంద్రరావు దగ్గాడు. "చెప్పవయ్యా భుజంగం. మా పిల్ల కంటే మిరప బస్తాలోళ్ల పిల్ల గొప్పదని చెప్పు. మేమూ వింటాం." ఆయన కాలేజీ హాస్టలు పిల్లల మందులన్నీ ఈ షాపులోనుంచే పోతాయి. ఆ మాట ఆయన అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు.

భుజంగరావు అరచేతికి చెమట పట్టింది. ఆ తడి నా తోలుకు ఎక్కింది. ఈ మనిషి నెలల తరబడి కంచె పట్టుకుని నిలబడ్డాడు. వచ్చేదాకా కనపడే బంతి, వచ్చాక కనపడని బంతి, ఆయన కళ్లతో చూసిందే. ఇప్పుడు ఒక్కమాట చాలు. రాహేలు ఆయన ముఖంలోకే చూస్తోంది. అడగలేదు, చేతులు జోడించలేదు. చూస్తోంది.

"ఆరోజు ఏదో సరదాకి అన్నానయ్యా," అన్నాడు భుజంగరావు. "నాకేం తెలుసు ఈ ఆట?"

నేను చేతిలో ఉండగా అన్న మాట వెనక్కి పోకూడదు గదా? పోయింది. నియమం గురించి ఒక్కడూ నోరెత్తలేదు.

మస్తాన్‌వలి ఏదో అనబోయాడు. రాహేలు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, "పదండి సార్," అంది. వాళ్లు మెట్లు దిగిన తర్వాత సీతాపతి రెండో రౌండు మొదలుపెట్టాడు.

రాష్ట్ర పోటీల్లో జిల్లా జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. హాసిని విసిరిన బంతుల్ని అవతలివాళ్లు కొడితే మనవాళ్లు గోడలవతల వెతుక్కున్నారని విన్నాను. ఆమెకు సర్టిఫికెట్ వచ్చింది. సీటూ వచ్చింది. ఆటకు కాదు, ఇంజనీరింగుకు. సీతాపతి సీజను చివర గ్రేడులన్నీ తిరగేసి, రాహేలు ఆడలేదు గనక తన 'డి' అక్షరాలా నిజమైందని నిరూపించాడు. చప్పట్లు కొట్టారు. ఆడనివ్వకుండా చేసి ఆడలేదని తేల్చడం కూడా ఒక శాస్త్రమే.

తర్వాత వాళ్లకు లీగు మీద మోజు తీరి కబడ్డీకి మారారు. భుజంగరావు నన్ను కిందికి తెచ్చుకుని, ఫ్యాను గాలికి ఎగరకుండా డాక్టరు చీటీల మీద బరువుగా పెట్టుకున్నాడు. రాహేలు ఇప్పుడు ఒక బట్టల షాపులో చీరలు మడత పెడుతుంది. రోజూ భుజంగరావు షాపు ముందునుంచే పోతుంది. వాళ్లమ్మకు బి.పి. మాత్రలు కావాలి. రోడ్డు దాటి, గ్రౌండు పక్కనున్న ఇంకో మందుల షాపులో కొంటుంది. ఆ షాపులో ఒక్కోసారి ఆ మాత్రలు ఉండవు. అయినా అక్కడే అడుగుతుంది, లేవంటే వెళ్లిపోతుంది.

మొన్న భుజంగరావు నన్ను చేత్తో పట్టుకుని రోడ్డుమీదికి దిగాడు. అంత ధైర్యం చెయ్యడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది.

"అమ్మాయ్, ఇది మీ గ్రౌండు బంతే. ఉంచుకో."

ఆమె ఆగింది. నన్ను చూసింది. కుడిచేతి రెండు వేళ్లు ఒక్కసారి దగ్గరకొచ్చాయి. ఆ చేతిలోకి పోవడం తప్ప నాకు ఇంకో కోరిక లేదు. వేళ్లు మళ్లీ విడిపోయి సంచి పట్టుకున్నాయి.

"నాకెందుకు లెండి," అంది. "ఆడేవాళ్లు ఎవరన్నా ఉంటే ఇవ్వండి."

ఆమె వెళ్లిపోయింది. భుజంగరావు కాసేపు రోడ్డుమీదే నిలబడ్డాడు. ఎదురుగా గ్రౌండు ఉంది, గేటు తీసే ఉంది, లోపల ఎవరో అరుస్తూ పరిగెత్తుతున్నారు. అటు నాలుగడుగులు వేస్తే చాలు. షాపు ముందు ఎవరో తలనొప్పి మాత్ర అడిగారు. తిరిగి వచ్చి నన్ను చీటీల మీద పెట్టాడు.