డెన్మార్క్ కుర్చీకి పసుపు బొట్టు

నేను ఒక కుర్చీని. డెన్మార్క్‌లో పుట్టానని చెప్పే సర్టిఫికెట్ ఎదురుగా గోడ మీద అద్దం చట్రంలో మెరుస్తుండగానే, నా అడుగున పసుపు బొట్టు బయటపడింది.

బయటపెట్టింది పైడితల్లి. విశాఖలో పళ్ల డాక్టరు మృణాళిని గారింట్లో పనిమనిషి. తడిగుడ్డ పెట్టడానికి నన్ను తలకిందులు చేసి, కెవ్వున అరిచింది.

"అమ్మగోరూ! మీ ఫారిన్ కుర్చీకి ఎవలో బొట్టెట్టీసినారు! ఇది మనూరి కుర్చీయేనండి!"

డాక్టరు గారి చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

పాఠకుల దగ్గర దాచను. నేను డెన్మార్క్ చూడలేదు. మంచు సంగతి సరే, ఫ్రిజ్ కూడా ఈ ఇంటికొచ్చాకే చూశాను. భీమిలిలో పడగొట్టిన ఓ పాత ఇంటి టేకు దూలాన్ని. అనకాపల్లిలో సన్యాసాచారి నన్ను కోసి, చెక్కి, కుర్చీగా నిలబెట్టాడు. చెక్కుతూ మాటిమాటికీ గోడవైపు చూసేవాడు. అక్కడ ఏముందో నాకు కనబడలేదు. నా ముఖం అటువైపు లేదు.

తర్వాత హేమచంద్ర వచ్చాడు. బీచ్ రోడ్డులో ఆయనకో షోరూం ఉంది. పెద్ద తెల్లటి గది. అందులో ఒక మొక్క, ఒక దీపం, ఒక కుర్చీ. అంత గదిని అంత ఖాళీగా ఉంచడానికి చాలా చదువుకోవాలట. "పేరు గానీ, గుర్తు గానీ ఎక్కడా ఉండకూడదు" అని ఆచారికి చెప్పి, నాకు టీ డికాక్షన్ పట్టించి, ఒక్క మధ్యాహ్నంలో నా వయసు అరవై ఏళ్లు పెంచాడు. మనుషులు వయసు తగ్గించుకోవడానికి రంగు వేసుకుంటారు. మాకు పెంచడానికి వేస్తారు.

మృణాళిని గారు రోజంతా వంగి పళ్లు పీకే మనిషి. నడుము నొప్పి. షోరూంలో నా మీద కూర్చుని, వీపు ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"హమ్మయ్య! ఈ వీపు ఎవరు చేశారండీ?"

"వైకింగు పడవ వంపు మేడం" అన్నాడు హేమచంద్ర. నా వీపుకి ఎడమవైపు చిన్న పల్లం ఉంది. దాన్ని వేలితో నిమిరాడు. "ఇది చూశారా? కావాలనే పెట్టిన అసమానత. ఉత్తర దేశాల మేధస్సు. నకలు కొట్టేవాడికి చస్తే రాదు."

ఆవిడ నన్ను కొనేశారు. వచ్చినవాళ్లకల్లా పల్లం చూపించేవారు. వాళ్లూ నిమిరి, తలాడించేవారు. అర్థంకాని చోట తలాడించడం మనుషులకు మర్యాద.

ఇప్పుడు బొట్టు. డాక్టరు గారు ఫోన్ చేస్తే హేమచంద్ర పావుగంటలో వచ్చాడు. నా అడుగు చూశాడు. ముఖం నా పేము అల్లికలా పాలిపోయింది. అయినా రెండే క్షణాల్లో తేరుకున్నాడు.

"మోసపోయాం మేడం! అసలు కుర్చీకి పేము తెగితే బాగుచెయ్యమని అనకాపల్లి ఆచారికి పంపాను. వాడు అసలుది నొక్కేసి, దీన్ని అంటగట్టాడు. దొంగ! పోలీసు కేసు పెడదాం."

"ముందు అతన్ని పిలవండి. మాట్లాడాకే స్టేషనుకి ఫోన్ చేస్తాను" అన్నారు ఆవిడ.

అరవై రెండేళ్ల సన్యాసాచారి ఫోన్లో నింద సంగతంతా విని, మధ్యాహ్నానికి వచ్చాడు. భుజం మీద గోనెపట్టా చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది. నన్ను చూడగానే ముందు నా కాళ్లు కదిలించి చూశాడు. బిగువు తగ్గలేదని తృప్తిపడ్డాడు. జైలు సంగతి తర్వాత.

"ఈ బొట్టు నీదేనా?" అడిగారు డాక్టరు గారు.

"నాదేనమ్మా."

"చూశారా! ఒప్పుకున్నాడు!" అరిచాడు హేమచంద్ర. "గుర్తు పెట్టొద్దని చెప్పానా లేదా?"

"బొట్టు గుర్తెలాగవుతాది బాబూ? సేసిన వస్తువుని బొట్టెట్టకుండా గుమ్మం దాటించమండి మేము. బొట్టు నాదే, కుర్చీ నాదే. దొంగతనం మటుకు నాది కాదు." ఆచారి తలెత్తి ఆవిడ వైపు తిరిగాడు. "నలబయ్యేళ్లయి ఉలి పట్టి. ఒక మేకు కూడా ఎవలిదీ ఉంచుకోనేదమ్మా."

డాక్టరు గారి వేలు ఫోన్ మీదే ఉంది.

"ఒక్కటి అడుగుతాను బాబూ. తవరు నాకిచ్చిన ఆ అసలు కుర్చీ వీపు ఎలాగుండీది?"

"ఎలా ఏమిటి? అచ్చం ఇలాగే! ఇదే వంపు, ఇదే పల్లం. మక్కికి మక్కి దించావుగా!"

"పల్లం కూడా ఉండీదా?"

"పల్లమే దాని ప్రాణం!"

ఆచారి గోనెపట్టా విప్పాడు. లోపల కాడి. ఎద్దుల మెడ మీద వేసే తుమ్మ కాడి, పాతది, చెమటతో నల్లబడింది. దాన్ని తెచ్చి నా వీపు అంచుకి పక్కపక్కగా ఆనించాడు. వంపు పక్కన వంపు సరిపోయింది. పల్లం పక్కన పల్లం వచ్చింది. ఈనెపుల్లంత తేడా కూడా లేకుండా కలిశాం. అప్పుడు తెలిసింది నాకు, అనకాపల్లి గోడ మీద వేలాడింది ఎవరో.

"మా నాన్న సేసిన కాడమ్మా ఇది. గోడకేలాడే దీన్ని సూసుకుంటానే వీపు సెక్కినాను. ఒక రైతు వాడి, ట్రాక్టరు కొన్నాక మాకే ఇచ్చీసినాడు. ఆయన ఎడమెద్దు మెడ రాసుకుని రాసుకుని ఇక్కడ అరిగిపోనాది. సుఖంగా ఉంటాదని ఆ అరుగుదలా దించీసినాను." హేమచంద్ర వైపు తిరిగాడు. "డెన్మార్క్ కుర్చీకి ఈ పల్లం ఎలాగొచ్చింది బాబూ? మా ఊరెద్దు అక్కడికెల్లి రాసుకొచ్చిందేటి?"

పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రయోజనం లేకపోయింది. ఆ నవ్వు మెట్ల దాకా వినిపించింది.

డాక్టరు గారు ఫోన్ ఎత్తారు. "హేమచంద్రగారూ, స్టేషనుకి ఫోన్ చేస్తున్నాను. ఎవరి పేరు చెప్పమంటారు?"

కూర్చోవడానికి చోటు కోసం చూశాడాయన. నేనే కనిపించాను. కూర్చున్నాడు. అబద్ధమాడినవాడని నేను వీపు తిప్పుకోలేదు. ఆ సౌకర్యం కుర్చీలకు లేదు. వెనక్కి ఆనుకుని, కళ్లు మూసుకుని, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"అసలు కుర్చీ లేదు మేడం. ఎప్పుడూ లేదు. ఒక పుస్తకంలోంచి బొమ్మ చింపి ఆచారికిచ్చాను. అందులో ముందుభాగమే ఉంది. వెనక ఎలా ఉంటుందో నాకూ తెలీదు, నీ ఇష్టం అన్నాను. ముందువైపు డెన్మార్క్ వాడిది దొంగిలించాను, వెనకవైపు ఇతనిది దొంగిలించాను. దీంట్లో నా సొంత బుర్రతో, ఎవరినీ చూసి రాయకుండా నేను తయారుచేసింది ఒక్కటే ఉంది… ఆ గోడ మీది సర్టిఫికెట్."