రెండో కుర్చీ

టీ డికాషన్‌లో ముంచిన గుడ్డతో పాతమ్మ కుర్చీ చేతిని రుద్దుతోంది. కొత్త చెక్క. నిన్ననే వడ్రంగి చేతిలోంచి వచ్చింది. గరుకు కాగితంతో అంచులు అరగదీసి, కాస్త మైనం పూసి, ఇప్పుడు బొటనవేలు ఆనే చోట మాత్రం నల్లబరుస్తోంది. మధ్యాహ్నానికల్లా అది ఎవరో ఓ జీవితకాలం కూర్చున్న కుర్చీ అయిపోవాలి.

అదే ఆమె పని. సినిమా సెట్లలో కొత్త వస్తువులను పాతవిగా మార్చడం. పడుచుగా ఉన్నప్పుడే ఎవరో సరదాకి పాతమ్మ అన్నారు. ఆ పేరుకు తగ్గ వయసు తర్వాత తీరిగ్గా వచ్చి చేరింది.

ఈ సినిమా చిన్న చిన్న కథల దండ. ఒకదానిలో పావురాలు దిగే హోటలు. గదికో తాళంచెవి, గోరంత సబ్బుబిళ్ల. ఇంకోదానిలో పోయిన గొడుగులు తమ యజమానుల కోసం బెంచీల మీద ఎదురుచూసే ఆఫీసు. ఆ సబ్బులన్నింటినీ వాడినట్టు అరగదీసింది పాతమ్మే. తెర మీద అవి కనిపించేది రెప్పపాటు. పావురాలు సబ్బు రుద్దుకుంటాయా అని అడిగితే, రుద్దుకోకపోతే గది ఇవ్వరని చెప్పేది.

చివరి కథ గడియారాలు బాగుచేసే ఒంటరి ముసలాయనది. ఆయన గదిలో రెండు కుర్చీలు. దర్శకుడు వచ్చి, ఒక్కో వస్తువునూ తాకి మురిసిపోయి, రెండో కుర్చీ దగ్గర ఆగాడు.

“అమ్మా, ఇక్కడ ఉండేది ఆయనొక్కడే కదా. దీంట్లో ఎవరూ కూర్చోలేదు. కొత్తగా ఉండాలి.”

“ఎవరో ఉండేవాళ్లు బాబూ. ఇప్పుడు లేరు.”

“కథలో లేదమ్మా అది.”

“లేకపోతే మాత్రం? పుట్టడమే ఒంటరిగా పుట్టాడా ఏంటి?”

దర్శకుడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. సాయంత్రం షాట్ లోపు రంగు వేయమని, లేదంటే కుర్చీ తీయించేస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

పాతమ్మకు ఉక్రోషం వచ్చింది. ఒక పూత రంగు వేయడం ఎంతసేపు! కానీ కుర్చీ చేతి మీద తను దిద్దిన ఆ మరక అక్కది. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లి మాటెత్తకుండా ఒకే గదిలో బతుకు వెళ్లదీశారు. మాట్లాడుతున్నంతసేపూ అక్క బొటనవేలు కుర్చీ చేతిని రుద్దుతూనే ఉండేది. అక్క పోయాక చిన్న గదికి మారినప్పుడు, చోటు చాలక ఆ కుర్చీ వదిలించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఆమె మాటకు ఊకొట్టేవాళ్లు లేరు. కనీసం ఒక సినిమాలోనైనా అక్క కూర్చున్న గుర్తు ఉండాలని ఆమె కోరిక.

రంగు డబ్బా మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. లైట్ల వేడికి చెమట పట్టి, స్వెటరు విప్పి ఆ కుర్చీకే తగిలించి, గోడకు పొగమసి దిద్దుతూ కూర్చుంది. పనిలో పడి పొద్దు తెలియలేదు. కెమెరావాళ్లు వచ్చి తొందరపెడితే గబగబా పక్కకు తప్పుకుంది. మొదటి షాట్ అయిపోయాక గానీ చూసుకోలేదు.

“బాబూ, ఆ స్వెటరు నాది.”

దర్శకుడు మానిటర్‌లోకి చూశాడు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది ఆ కుర్చీ.

“ఇప్పుడిక సినిమాదమ్మా,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “కుర్చీ కూడా ఉండనివ్వండి. ఎవరో ఉండేవాళ్లే.”

షాట్‌లో పడిన వస్తువును సీను పూర్తయ్యేదాకా కదపకూడదు. సెట్లో అది శాసనం. పాతమ్మ చేతులు కట్టుకుని, చలికి వణుకుతూ, తనలో తనే నవ్వుకుంటూ ఇంటికి నడిచింది. ఈ సంగతి అక్కకు చెప్పాలనిపించింది. గది తలుపు తీశాక, చెప్పడానికి ఎవరూ లేనందుకు కాసేపు ఏడ్చింది. ఏదో తిన్నాననిపించి పడుకుంది.

మర్నాడు ఆమె పనికి రాలేదు. చూసి రావడానికి వెళ్లిన వడ్రంగి తిరిగొచ్చి, “నిద్రలోనే పోయిందండీ. పక్కింటివాళ్లకు కూడా తెలీదు, నేను వెళ్లేదాకా,” అని పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

సీను ఇంకా మిగిలే ఉంది. లైట్లు వెలిగాయి. ఆ కుర్చీ జోలికి ఎవరూ వెళ్లొద్దని దర్శకుడు చెప్పాడు. చెప్పకపోయినా ఎవరూ వెళ్లేవాళ్లు కారు. కుర్చీకి వేలాడుతున్న స్వెటరు చేతులు, మోచేతుల దగ్గర, ఇంకా కొంచెం వంగే ఉన్నాయి.