వరహాలు చేటలో ఓడ ఇంజినీరు

శనివారం పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మల్కాజ్‌గిరిలో వరహాలు వాకిట్లో నలుగురైనా చేరతారు. ఆవిడ ముందు బియ్యం చెరుగుతుంది, ఆ తర్వాత కాగితాలు. కాగితాన్ని చేటలో వేసి నాలుగుసార్లు ఎగరేస్తే అక్షరాలు గింజల్లా రాలతాయి. అబద్ధాలు తాలులా లేచిపోయి కాలవలో పడతాయి, నిజాలు చేటలో ఉండిపోతాయి. చీపురుపల్లి నుంచి వచ్చిన ఇరవయ్యేళ్లుగా ఇదే వరస. ఆ తాలుకి కాలవ పూడుకుపోతోందని మునిసిపాలిటీ వాళ్లు రెండుసార్లు కసిరారు, అంతే.

ఊళ్లోకి సాఫ్ట్‌వేర్ డబ్బు దిగాక కాగితాలు మరీ ఎక్కువయ్యాయి. ఆవేళ ఇంటర్నెట్ సెంటర్ నడిపే తుకారాం ఏవో ఫ్లాట్ల కరపత్రం తెచ్చాడు. లిఫ్టూ, ఈతకొలనూ, పిల్లల పార్కూ అన్నీ ఎగిరిపోయాయి. "షరతులు వర్తిస్తాయి" అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

"ఏందమ్మా, గిదొక్కటేనా?"

"అదైనా మిగిలింది, సంతోషించు. మంచినీళ్లకి బిందె పట్టుకు తిరిగేవోడివి, నీకు ఈతకొలనేటి?"

తుకారాం నవ్వి, గొంతు తగ్గించాడు. "మీ దేవమ్మ నిన్న రెండు గంటలు మా దుకాణంల కూసున్నది. కెమెరా సుత పెట్టిచ్చింది. అవతలాయన కెమెరా ఖరాబైందంట. మూడు నెలల సంది ఖరాబే ఉన్నదమ్మా."

వరహాలు చెయ్యి ఆగింది. అన్నకూతురు దేవి సంగతి ఆవిడకి కొన్నాళ్లుగా మింగుడుపడ్డంలేదు. ఫోను చూసుకుని నవ్వడం, పలకరిస్తే ఉలిక్కిపడ్డం. కొత్తగా స్నేహితుల సైటొకటి పట్టిందని తెలుసు. ఆ స్నేహితుడెవరో తెలీదు.

అంతలో దేవి హ్యాండుబ్యాగు రెండు చేతులతో అదిమి పట్టుకుని బయటికొచ్చింది.

"ఏటే, శలవునాడు ఎక్కడికి?"

"బ్యాంకుకి, అత్తా. పన్నెండుకే మూసేస్తారు."

"చెవులకి రోల్డుగోల్డు ఎప్పుడెట్టావు?"

దేవి చెయ్యి చెవి మీదకి పోయింది. ఇక దాచలేక నిలబడే చెప్పేసింది. అతని పేరు సత్యదేవ్. సైనిక్‌పురి కల్నలుగారబ్బాయి, స్కాట్లాండు దగ్గర ఓడ మీద ఇంజినీరు. భార్య పోయింది, ఎనిమిదేళ్ల పాప ఉంది. దేవికి ఉంగరం, వాచీ పార్సిల్ పంపాడు. దాన్ని ఢిల్లీ కస్టమ్స్‌లో ఆపేశారు. ఇవాళ మధ్యాహ్నంలోగా ఎనభై వేలు కట్టకపోతే కేసు పెడతామని అక్కణ్నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అందుకే దుద్దులూ గొలుసూ తాకట్టులోకి వెళ్లాయి.

"డబ్బు ఎవరి పేర కట్టమన్నారు?"

"సదాశివ అని, ఏజెంటంట."

"పంపింది ఒకడు, ఆపింది ఇంకొకరు, డబ్బు మూడోవోడికా! సైనిక్‌పురిలో ఏ వీధన్నాడు?"

"అడిగాను. అనుమానిస్తున్నావా, నీకూ మీ అత్తకీ తేడా ఏముంది అన్నాడు."

"నన్ను తిట్టడానికి ఓడ ఎక్కాలేటే? ఆ కాగితాలిటు తే."

"తేను!" దేవి గొంతు వీధంతా వినబడింది. "నీ చేటలో ఎవడు మిగిలాడని? నాకొచ్చిన చోడవరం సంబంధం ఉత్తరంలో పెళ్లికొడుకు పేరు కూడా ఉంచలేదు నువ్వు. ఆయన కాకినాడలో పిల్లాపాపలతో చల్లగా ఉన్నాడు. నువ్వు మనసులో ఏదో పెట్టుకుని విసురుతావత్తా."

ఆ ఉత్తరంలో పెళ్లికొడుకు తల్లి, "విధవ మేనత్తని పీటల దగ్గరికి రానివ్వం" అని రాసింది. ఆవేళ కోపంతో ఎంత బలంగా విసిరిందో ఆవిడ చేతులకే తెలుసు. నిజాలు కూడా ఎగిరిపోయి ఉండొచ్చు.

ఎవరినీ ముట్టుకోనివ్వని తన చేటని దేవి ముందుకి తోసింది వరహాలు. "అయితే నువ్వే చెరుగు."

మూడు నెలల ఉత్తరాలు బ్యాగులోనే ఉన్నాయి, బస్సులో చదువుకోవడానికి ప్రింటు తీయించుకున్నవి. దేవి కాగితాలు చేటలో వేసి, చంటిపిల్లని ఎత్తినంత మెల్లగా ఎగరేసింది. వరహాలు చేతులు చంకల్లో దోపుకుని, పెదవి కొరుక్కుంటూ కూచుంది.

ముందు ముద్దుపేర్లు లేచిపోయాయి. వాటి వెనకే ఓడ, సముద్రం, కల్నలు, పోయిన భార్య. "పాపకి జ్వరం" ఎగురుతుంటే దేవి గుప్పిట పట్టేసింది. విప్పి చూస్తే పొట్టుపాటి బరువైనా లేదు. ఊదకుండానే పోయింది. అతని రాతల్లో మిగిలినవి కొన్ని అంకెలు, ఒక ఊరి పేరు. అవి బ్యాంకు ఖాతా నంబరూ, బ్రాంచీ. మూడు నెలల్లో అతను రాసిన నిజం అదొక్కటే.

తుకారాం తల పక్కకి తిప్పుకున్నాడు. దేవి ఏడవలేదు. నంబరు అరచేతిలో రాసుకుంది. అప్పుడు చూసుకుంది, చేట ఇంకా బరువుగానే ఉంది. ఆమె పంపిన జవాబులు కూడా ఆ కాగితాల్లోనే ఉన్నాయి. మళ్లీ ఎగరేసింది, ఈసారి గట్టిగా. ఒక్క గింజా కదల్లేదు.

"ఏటే అవి?" వరహాలుకి ఇంగ్లీషు రాదు.

దేవి గుప్పెడు తీసి తెలుగులో చెప్పింది. "ఇవాళ ఆఫీసులో లిఫ్టు చెడిపోయి ఐదంతస్తులు ఎక్కాను. ఎవరితో చెప్పాలో తెలీక నీకు రాస్తున్నాను." ఇంకో గుప్పెడు తీసింది. "నాకు నిన్నటికి ముప్ఫై మూడు నిండాయి. ఇంట్లో ఎవరికీ గుర్తులేదు."

ఫోను మోగింది. ఢిల్లీ నంబరు. ఆగి మళ్లీ మోగింది. "పోలీసు టేషన్‌కి బండి తీస్తనమ్మా," అన్నాడు తుకారాం.

"ఎల్దాం," అంది వరహాలు, దేవి పక్కకి జరిగి కూచుంటూ. "ముందు దీన్ని ఇవన్నీ చదవనీ."