సగం దారిలో అత్తయ్య

పందెం మొదలయ్యేసరికే పూర్తిగా చీకటి పడింది. జూన్ అంటే రోటోరువాలో నడి చలికాలం, సాయంత్రం టీ కప్పు కింద పెట్టేలోపే పొద్దు గూకిపోతుంది. అడవి గేటు దగ్గర చేరిన జనం నుదుటి లైట్లు ఒక్కొక్కటే వెలిగించుకుంటుంటే, పక్కనున్న వేడినీటి మడుగుల ఆవిరి ఆ వెలుగుల్లో తెల్లగా లేస్తోంది. తిరియా బూట్ల తాళ్లు విప్పి మళ్లీ బిగించి కట్టుకుంది.

ఒకప్పుడు ఈ పందెంలో ఆడవాళ్లలో ఆమెదే మొదటి స్థానం. పోయినేడు కడుపుతో ఉండి, రెయిన్‌కోటు వేసుకుని ఒక మలుపులో నిలబడి పరిగెత్తేవాళ్లకి నారింజ ముక్కలు అందించింది. ఇప్పుడు కొడుకు ఇహాయాకి ఏడు నెలలు. మళ్లీ పరిగెత్తుతానని ఇంట్లో చెప్పినప్పుడు భర్త పీటా ఎగిరి గంతేశాడు. అత్తగారు పరెకూరా మాత్రం వద్దనలేదు, సరేననీ అనలేదు. పందెం రోజు పొద్దున కుమారా అనే చిలగడదుంపల చెక్కు తీస్తూ, "వాన పడేట్టుంది," అంది. కాసేపాగి, "చలి కూడా," అంది. ఆఖరికి, "నేను రానులే, మోకాళ్లు ఒప్పుకోవు," అని దుంపల గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

పీటా, తిరియా వేసుకున్న పథకం చిన్నదే. సగం దారిలో, అడవి బాట తారు రోడ్డును దాటే చోట పీటా పిల్లాడితో కార్లో ఉంటాడు. అక్కడ తిరియా పాలిచ్చేసి, మిగతా సగం పరిగెత్తుతుంది.

ఈల మోగింది. మొదటి ఎత్తు ఎక్కేటప్పటికి ఒళ్లు వేడెక్కింది. అందరి లైట్లూ బాట మీద ఊగుతున్నాయి, చుట్టూ పైన్ చెట్ల మొదళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఎక్కడో రూరూ గుడ్లగూబ కూసింది. తిరియాకి నవ్వొచ్చింది. ఇన్ని నెలల తరవాత ఆమె చేతుల్లో ఎవరూ లేరు, భుజం మీద ఎవరూ లేరు. ఊపిరి, అడుగు, మళ్లీ ఊపిరి. అంతే.

కానీ ఇది పాత ఒళ్లు కాదు. దిగుడులో దుంగ మీంచి దూకబోయి ఆగి, కాలు పెట్టి దిగింది. తుంటిలో ఏదో వదులుగా ఉన్నట్టనిపించింది. ఆ తరవాత రొమ్ములు బరువెక్కడం మొదలైంది. ముందు బరువు, తరవాత సలుపు, ఆపైన ప్రతి అడుగుకీ రాళ్లు కట్టుకుని పరిగెత్తుతున్నంత నొప్పి. సన్నగా వాన మొదలైంది. తెల్ల రెయిన్‌కోటు వేసుకున్న ఒక అమ్మాయి "పక్కనుంచి వస్తున్నా!" అంటూ దాటిపోయింది. ఆమె వెనక ఇంకొకామె. పళ్లు బిగించి, రోడ్డు దాకా వెళితే చాలు, వాడు తాగితే చాలు అనుకుంటూ తిరియా పరిగెత్తింది.

రోడ్డు మీద కారు ఉంది. దాని పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది పీటా కాదు, పరెకూరా.

"అత్తయ్యా! నువ్వేంటి ఇక్కడ?"

"కలప మిల్లులో రంపం ఆగిపోయిందని నీ మొగుణ్ణి పనికి పిలిచారు. అరవకు, వాడు ఇప్పుడే పడుకున్నాడు."

వెనక సీట్లో ఇహాయా నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"లేపనా? పాలివ్వాలి."

"లేపితే నీ కాళ్లు విరగ్గొడతా. గంటసేపు గుక్కపట్టి ఏడ్చాడు. ఫ్రిజ్‌లో దాచిన నీ పాలే సీసాలో పోశా. అంతా తాగాడు."

తిరియా కారుకి ఆనుకుని నిలబడింది. "మరి నా సంగతి? పగిలిపోయేలా ఉన్నాయి."

కారు లైటు వెలుగులో పరెకూరా ఆమె మొహం చూసింది. గొడుగు మూసి పక్కన పడేసింది. కారులోంచి ఉన్ని దుప్పటి లాగి, తెరిచిన తలుపు మీద ఒక అంచు వేసి, రెండో అంచు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

"దీని చాటుకి వెళ్లి చేత్తో పిండేసెయ్. ఎవరూ చూడరు."

"నేల మీదా? ఇన్ని పాలా?"

"నేలతల్లి తాగుతుందిలే. ఆవిడ మనకి పెట్టిందేగా. త్వరగా కానియ్, నా చేతులు పడిపోతున్నాయి."

తిరియా పిండుకోవడం మొదలుపెట్టింది. ముందు రాలేదు. తరవాత సన్నటి ధారలు ఫెర్న్ ఆకుల మీద పడ్డాయి. రోడ్డు మీద అడుగుల చప్పుడుతో ఒక గుంపు దాటిపోయింది, తరవాత ఇంకో గుంపు. ఆమెకి కన్నీళ్లు ఆగలేదు.

"ఇంక చాలు అత్తయ్యా. ఇంటికి పోదాం. అందరూ వెళ్లిపోయారు."

దుప్పటి అవతల పరెకూరా జారుతున్న అంచుని మళ్లీ పైకెత్తింది.

"తాళ్లకి కట్టిన పోయ్ బంతులు తిప్పుతూ పాడే మా జట్టులో నాది ముందు వరస," అంది పరెకూరా. "నీకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు. వెల్లింగ్టన్‌లో పెద్ద పోటీ వచ్చింది. పీటా అప్పుడు వీడంత ఉన్నాడు. బస్సు మా ఇంటి ముందే ఆగింది. వాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గర నిలబడ్డా. నన్నెవరూ వద్దనలేదే. వెళ్లమని కూడా ఎవరూ అనలేదు. బస్సు వెళ్లిపోయింది."

"తరవాత?"

"తరవాత ఏముంది, ఇంకోళ్లు నా చోట్లో నిలబడ్డారు. పొద్దున దుంపలు చెక్కుతూ ఉంటే గుర్తొచ్చింది. నేనూ నీతో వాన గురించే మాట్లాడాను కదా అని." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అందుకని చెబుతున్నా. వెళ్లు. నడిచి వెళ్లు, పాక్కుంటూ వెళ్లు, నాకనవసరం. వాణ్ణి నేను చూసుకుంటా."

తిరియా బట్టలు సర్దుకుని దుప్పటి కిందనుంచి బయటికి వచ్చింది. ముసలామె జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయింది. తిరియా తమవాళ్ల పద్ధతిలో ఆమె ముక్కుకి తన ముక్కు ఆనించి, నుదురు ఆనించి, కాసేపు అలాగే ఉంది. "పో, చలి," అంది పరెకూరా.

మిగతా సగం తిరియా వేగంగా పరిగెత్తలేదు. ఎత్తుల్లో నడిచింది. బురదలో ఒకసారి జారిపడి, మోచేయి తుడుచుకుని లేచింది. పిక్క పట్టేసి ఆగిపోయిన ఒక పెద్దాయనతో కొంత దూరం కబుర్లు చెబుతూ నడిచింది, ఆయన "ఇంక నువ్వు పోమ్మా" అంటే ముందుకి పరిగెత్తింది. దారి చివర్లో చెరువు కనిపించేసరికి వాన వెలిసింది. ఆమె ఎన్నో స్థానంలో ఉందో లెక్క పెట్టుకోలేదు. ఒంట్లో నొప్పి ఉంది కానీ గుండెల్లో ఏ బరువూ లేదు. ఆఖరి వంపులో దీపాలు కనిపించగానే కాళ్లు వాటంతటవే వేగం అందుకున్నాయి.

ముగింపు గీత దాటాక ఆమెకి మొదట వినిపించింది ఇహాయా ఏడుపు. పరెకూరా వాణ్ణి దుప్పట్లో చుట్టి అటూ ఇటూ ఊపుతూ తిరుగుతోంది.

"లేచాడు. ఆకలంట. ఇప్పుడు తీసుకో!"

తిరియా తడి బెంచీ మీద కూలబడి వాణ్ణి అందుకుంది. వాడు ఆత్రంగా పట్టుకుని, కళ్లు పైకెత్తి ఆమె నుదుటి లైటు కేసి చూశాడు. ఆమె లైటు ఆర్పేసింది.

పరెకూరా ఎక్కణ్ణించో ఒక పళ్లెం తెచ్చింది. నూనెలో వేయించిన రొట్టె, దాని మీద వెన్న, బెల్లం పాకంలాంటి గోల్డెన్ సిరప్. తిరియా రెండు చేతులూ ఖాళీ లేవు. అత్తగారు పక్కన కూర్చుని రొట్టె తుంపి ఆమె నోటి దగ్గర పెట్టింది.

"తిను."

"నేనే తింటాలే అత్తయ్యా, వాడు తాగేశాక."

"చల్లారిపోతుంది. నోరు తెరువు."

తిరియా నోరు తెరిచింది. సిరప్ గడ్డం మీదికి కారింది. పరెకూరా దాన్ని బొటనవేలితో తుడిచి, ఇంకో ముక్క తుంపింది.