నల్లబడ్డ కాచు

ఎర్రబోరు ఊరి అవతల చండ్ర అడవిల, సోమక్క పొయ్యి ముందర నిలబడి కట్టె తెడ్డుతోని కలుపుతనే ఉన్నది. పొద్దుపొడుపున పట్టిన తెడ్డు, పొద్దు నెత్తిమీదికొచ్చినా దించలే. బస్తర్ రాజుల దొరతనంల కాచు కాసేటోళ్ల బతుకు గట్లనే ఉండేది. కోతలైనంక అడవిల గుడిసెలేసుకొని దిగేటోళ్లు. మొగోళ్లు చండ్ర మాను నరికి, ఎర్రటి చేవ తీసి చెక్కలు కొట్టేటోళ్లు. ఆ చెక్కలు ఉడికించి, వడగట్టి, రసాన్ని మల్ల చిక్కగ కాసేది ఆడోళ్లు. చల్లారి గట్టిపడ్డంక విరిస్తే ఇటుకరంగు తేలాలె. తమలపాకుల వేసుకునే కాచు అదే.

ఆమె మొగడు ముసలయ్య. నేను కాచు కాస్త అని ఊరందరికీ చెప్పుకుంటడు గానీ, ముప్పై ఏండ్లల్ల తెడ్డు ముట్టింది లేదు. నడుం గుంజుతుందని సోమక్క ఎప్పుడన్న అంటే, నిలబడి కలుపుడు గూడ ఒక పనేనా అంటడు.

ఆ ఏడు ముసలయ్య కొంట ఊరి సంతల ఇనుప కొప్పెర కొని బండి మీద తెచ్చిండు. మట్టికుండలు ఊకె పగులుతున్నయంట. ఇనుముల కాస్తే కాచు నల్లగైతదని సోమక్క చెప్పింది. అత్త బతికున్నన్నాళ్లు ఇనుప గరిటె గూడ పొయ్యి దగ్గరికి రానియ్యకపోయేది. ముసలయ్య నవ్విండు.

"మాను నరికింది ఇనుప గొడ్డలితోనేనాయె. అప్పుడు నల్లగ కాలేదేందే?"

చుట్టున్నోళ్లు గూడ నవ్విండ్రు. నరుకుడు వేరు, ఉడుకుడు వేరని సోమక్క చేతులకు తెలుసు. అయినా తెడ్డు పట్టుకొని కొప్పెర ముందర నిలబడ్డది.

నాలుగోనాడు, అడవిని గుత్తకు పట్టి కాచు కొనుక్కపోయే ఠేకేదారు వచ్చిండు. కాచు ముక్క విరిచి చూస్తే బొగ్గు తీరున్నది. ఈ మాల్ ఎవడు నోట్లె పెట్టుకుంటడు, ఇంకోపాలి ఇట్లొస్తే ఈ జంగల్ వేరేటోళ్లకిస్త అన్నడు. ముసలయ్య మొకం కొప్పెరకంటె నల్లగైంది. కొప్పెర దిక్కు చూడలే. సోమక్క దిక్కు చూసిండు.

"పోయిన నెల పున్నానికి బయటికి పోయినవ్. ఈ నెల పున్నం పోయి మూడు దినాలాయె, పోలేదేంది? ముట్టు దాచిపెట్టి పొయ్యికాడ నిలబడ్డవా?"

పనోళ్లందరు చేతులాపిండ్రు. కోడలు తిరుపతమ్మ నీళ్లకుండ దించకుంట అట్లనే నిలబడ్డది.

నిజమేందంటే, సోమక్కకు ముట్లుడిగి రెండేండ్లు దాటింది. అది ఎవరికీ చెప్పలే. పున్నం రాంగనే నడుం పట్టుకొని వాగు పక్కనున్న ముట్టు గుడిసెకు పోయేది. ఆ మూడు దినాలు తెడ్డు లేదు, నీళ్లు మోసుడు లేదు, ఏందే ఎక్కడ సచ్చినవ్ అని పిలిచేటోడు లేడు. అన్నం దూరంగ పెట్టి పోతరు. పట్టపగలు కాళ్లు చాపుకొని పండుకోవచ్చు. పండుకొని ఆకులు ఊగుడు చూసేది, అంతే. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఆమెవన్నవి ఆ మూడు దినాలే. ఈ నెల పోకపోయింది ఎవరి కోసం? కొత్త కొప్పెర, ఎవరూ సంబాళించలేరని తనే ఆగింది. ఆగినందుకు ఇదీ ఫలం.

నాకు ముట్లుడిగినయి అని ఒక్క మాటంటే చాలు, తప్పు మీద పడదు. ముప్పై ఏండ్ల చేతిపనికి మచ్చ రాదు. గానీ ఆ మాట అన్ననాటి నుంచి గుడిసె లేదు. నెలకు ముప్పై దినాలు పొయ్యే. సచ్చేదాక పొయ్యే. సోమక్క తెడ్డు కొప్పెర అంచుకు ఆనిచ్చింది.

"అవు. తప్పు నాదే," అన్నది.

మైల పోవాలని ముసలయ్య కోడిని కోయించి నెత్తురు పొయ్యి చుట్టు చిలకరించిండు. ఇగ నీ అత్త చెయ్యి పెట్టొద్దు, నువ్వే కలుపు అని తిరుపతమ్మ చేతికి తెడ్డు ఇచ్చిండు. సోమక్క చాప సంకల పెట్టుకొని గుడిసెకు పోయింది. అలవాటు ప్రకారం పండుకున్నది గానీ, ఆకులు కండ్లకు ఆనలే. తన నోటితోనే ముప్పై ఏండ్ల పని పోగొట్టుకున్నది. అంతకంటె బరువైంది ఇంకోటి. ఆ పిల్లను తీసుకపోయి అదే కొప్పెర ముందర నిలబెట్టింది తనే కదా.

మూడోనాడు మాపటాల తిరుపతమ్మ చాప తీసుకొని గుడిసెల దూరింది. మాట్లాడకుంట అత్త పక్కన పరిచింది.

"మల్ల నల్లగైంది అత్తా. మామ అడగకముందే నాకు ముట్టొచ్చిందని చెప్పి వచ్చిన."

"వచ్చిందా?"

"ఏం రాలే. నీక్కూడ రాలేదు గదా, రెండేండ్ల సంది నువ్వు వాగుల ఉతికే గుడ్డలు చూస్తనే ఉన్న, ఒక్క మరక లేదు."

సోమక్క చాప ఇంత జరిపింది.

"ఇప్పుడెవరు కలుపుతుండ్రు?"

"మామే."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, ఎక్కువసేపు నిలువలే. ఆయన కలిపినా నల్లగనే అయితది, సోమక్కకు తెలుసు. అప్పుడు నీళ్లు పోసినదాన్ని అడుగుతరు. చెక్కలు మోసినదాన్ని అడుగుతరు. ఎవరూ దొరకకపోతే ఆ దోవన పోయిన ఏ ఆడదాన్నో పిలిచి అడుగుతరు. కొప్పెరను మాత్రం అడగరు.