గురువారం ఊరంతా ఆస్పత్రికి

మా కోడలు మిసాతొ జిల్లా ప్రభుత్వ ఆఫీసులో రవాణా లెక్కలు కడుతుంది. ఆ ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గాని నాకు నోరు తిరగదు. ఒకసారి అన్నం దగ్గర అడిగితే చెప్పింది.

"ఎక్కడ ఎంతమంది ఎక్కుతున్నారు, ఎక్కడ దిగుతున్నారు అని చూసి, ఏ బండి ఏ వేళకి నడిపితే తక్కువ ఖర్చులో ఎక్కువమందికి పనికొస్తుందో తేల్చడం, అత్తయ్యా."

"అంటే బండ్లు తీసేసే పనా?"

"తీసేది పైవాళ్ళు. తీసెయ్యొచ్చో లేదో చెప్పేది నేను."

ఆ మాట అంటూనే చారు గిన్నె చేతిలో పట్టుకుని కునికింది. చారు ఒలకకుండా గిన్నె నేనే తీసుకున్నాను. కునుకు దానికి కొత్త కాదు. తెల్లవారకముందే లేచి మా నామినె స్టేషన్లో మొదటి బండి ఎక్కుతుంది. పట్నం చేరేసరికి గంటన్నర దాటుతుంది. సాయంత్రం అంతే ప్రయాణం వెనక్కి. ఒంటి పెట్టె బండి, సముద్రం పక్కన ఒంటి పట్టా. ఎదురు బండి వస్తోందంటే ఏదో ఒక స్టేషన్లో ఆగి ఎదురు చూడాలి. గాలి ఎక్కువైతే అసలు నడవదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ గడప మీద కూర్చుని, అలాగే నిద్రపోయిన రోజులున్నాయి.

నా కొడుకు యోషిహిరొ గుండెజబ్బుతో పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. కర్మకాండలు అయ్యాక దాని పుట్టింటివాళ్ళు వచ్చి, ఇంక మాతో వచ్చెయ్యమన్నారు. అది వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. ఎందుకు ఉండిపోయావని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే, వెళ్ళిపోవచ్చన్న సంగతి దానికి గుర్తొస్తుందేమోనని భయం.

ఆ ఏడు ఎండాకాలంలో మా లైను లెక్క దానికే అప్పగించారు. ఉంచాలా, తీసెయ్యాలా. అక్టోబరులో ఒక గురువారం బండెక్కిన ప్రతివాళ్ళనీ ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారని స్టేషన్లో కాగితం అంటించారు. అది చూడగానే నేను టోఫు కొట్టు హిసయె దగ్గరికి నడిచాను.

"బండి పోతే నా కోడలు పోతుందే," అన్నాను. "కారు నడపడం దానికి చేతకాదు. పట్నంలో గది తీసుకోక తప్పదు."

హిసయె టోఫు కోస్తున్న కత్తి ఆపలేదు. "అయితే ఆ రోజు అందరం ఎక్కుదాం. నలభై ఏళ్ళుగా ఎక్కనివాళ్ళని కూడా లాక్కొస్తాను."

"ఎందుకెక్కారని అడుగుతారట."

"షికారంటే నవ్వుతారు. సరుకులకంటే మీ ఊళ్ళో దొరకవా అంటారు. ఆస్పత్రికంటే ఎవడూ నోరెత్తడు. అందరం అదే చెబుదాం."

హిసయెకి నోరుంది, కాళ్ళూ ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. గురువారం మధ్యాహ్నం బండికి మా స్టేషన్లో ఎంత జనమో. పెళ్ళికి పెట్టుకునే టోపీ పెట్టుకొచ్చింది ఒకావిడ. కమలాపళ్ళు, అన్నం ముద్దలు, బార్లీ టీ సీసాలు. పడవలు బాగుచేసే గొయిచి మామ ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని, "ఇంతమంది రోగులు మన ఊళ్ళో ఉన్నారని ఇవాళే తెలిసింది," అంటుంటే అందరూ నవ్వుతున్నారు. బండి నడిపే కురామొచి అద్దంలోంచి చూసి టోపీ సర్దుకున్నాడు.

తర్వాతి స్టేషన్లో చేతికి పట్టీ కట్టుకుని, అట్ట పట్టుకుని, మిసాతొ ఎక్కింది. పొద్దుటి నుంచి అది అలా ఎక్కుతూ దిగుతూనే ఉంది. బండి నిండుగా ఉండడం చూసి గుమ్మంలో ఒక క్షణం నిలబడిపోయింది. నన్ను చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

ముందు గొయిచి మామ దగ్గరికి వెళ్ళింది. "ప్రయాణం ఎందుకోసమండీ?"

"ఆస్పత్రికమ్మా. కళ్ళు."

"ఏ డాక్టరు గారి దగ్గరికి?"

"అదే, స్టేషనుకి ఎదురుగా ఉండే ఆయన."

"ఆయన పోయినేడే ముసలితనమని ఆస్పత్రి మూసేశారండీ."

"అందుకే ఇంకా కనబడటం లేదు," అన్నాడు మామ. పెట్టంతా ఘొల్లుమంది. మిసాతొ నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

హిసయె మోకాళ్ళంది. టోపీ ఆవిడ పళ్ళంది. అందరూ ఆస్పత్రే. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"ప్రయాణం ఎందుకోసమండీ?"

ఇంట్లో రోజూ దువ్వెన ఎక్కడ, గొడుగు ఎక్కడ అని అరిచే పిల్ల నన్ను 'అండీ' అంటోంది. "ఆస్పత్రికి," అన్నాను.

"సరేనండీ," అని రాసుకుని ముందుకి పోయింది.

పట్నంలో దిగాక తెలిసింది మా తెలివి. గురువారం మధ్యాహ్నం డాక్టర్లందరూ తలుపులేసుకుంటారు. ఎప్పటి నుంచో ఉన్నదే. మాకెవ్వరికీ తట్టలేదు. స్టేషను ముందు వీధిలో ప్రతి గుమ్మానికీ అడ్డ రేకు దించి ఉంది. ఆ రేకుల ముందు బెంచీల మీద వరసగా కూర్చుని అన్నం ముద్దలు తిన్నాం. "నా మోకాళ్ళు నయమైపోయాయి, ఇంక ఇంటికి పోదాం," అంది హిసయె. ఎవరూ పెద్దగా నవ్వలేదు. అంతా అలిసిపోయాం.

సాయంత్రం బండిలో మళ్ళీ మేమే. మిసాతొ పని అయిపోయింది. చేతి పట్టీ తీసి సంచిలో పెట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది. బండి కదిలి రెండు స్టేషన్లు దాటింది.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"లేదు. ఇవాళ్టి లెక్క పక్కన పెట్టేస్తాను, అత్తయ్యా."

"ఎందుకే? అందరూ డబ్బులిచ్చే ఎక్కారు కదా."

"ఎప్పుడూ ఖాళీగా పోయే బండి ఒక్కరోజు నిండిపోతే, ఆ రోజుని తీసేసి మిగతా రోజులు చూస్తాం. ప్రతి ఊళ్ళోనూ ఇదే చేస్తారు. కొండల్లో ఒక ఊరైతే బ్యాండు మేళంతో ఎక్కింది. పాపం, వాళ్ళని తీసేసేటప్పుడు కూడా నేనే తీశాను."

"మరి మిగతా రోజుల్లో ఎవరున్నారు?"

"స్కూలు పిల్లలు కొందరు. చేపలమ్మే ఇద్దరు. నేను. కానీ నన్ను తీసేశాను. లెక్క కట్టేదాన్ని నేనే కాబట్టి నన్ను నేను కలుపుకోకూడదు. ఎవరూ చెప్పలేదు. నాకే బాగోలేదు."

"అంటే, ఇన్నేళ్ళుగా నువ్వీ బండి ఎక్కనట్టేనా?"

"లెక్కలో లేను," అంది. "బండి ఉండదు, అత్తయ్యా. ఏ వైపు నుంచి కట్టినా అదే వస్తోంది. బస్సు వేస్తారు. నాలుగు నెలల నుంచి ఇంకో జవాబు వస్తుందేమోనని మళ్ళీ మళ్ళీ కడుతున్నాను. ఇంక ఓపిక లేదు."

నేను ఏదో అనబోయేలోగా నా భుజం మీద తల వాలిపోయింది. బరువుగా, చిన్నపిల్ల తలలాగ. జుట్టులో పాపిట పొడుగునా తెలుపు. అంత తెలుపు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. ఇంట్లో ఒక చూరు కిందే ఉంటాం గాని, అది వెలుతుర్లో ఇంట్లో ఉన్నదెప్పుడు?

నామినె వచ్చింది. రోగులందరూ సంచులు సర్దుకుని దిగుతున్నారు. హిసయె నా ముందు ఆగింది.

"లేపవే. ఊరొచ్చింది."

"పోనీ."

"పోనీ ఏమిటే, అన్నం వండక్కర్లేదూ?"

"నువ్వు దిగు, హిసయె."

కురామొచి అద్దంలోంచి చూసి, "ఫుసాయె గారూ, మీ స్టేషను," అన్నాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. అతను ఇంకాసేపు చూసి తలుపులు వేశాడు.

ఆ పైన రేవు దాకా ఉన్న స్టేషన్లలో ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. పెట్టెలో మేమిద్దరమే. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు. ఆ రోజు టోఫు కొట్టులో హిసయెతో చెప్పిన మాట గుర్తొచ్చి, అందులో ఎవరి సంగతి ఆలోచించానా అని చూసుకున్నాను. బండి పోతే నా కోడలు పోతుంది అన్నాను. దాని నిద్ర సంగతి అనలేదు.

రేవులో పట్టాలు అయిపోయాయి. కురామొచి బండి ఆపి, బండి నడిపే పిడి ఊడదీసుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ మా పక్కన అడుగులు మెల్లగా వేశాడు. ఆ నిశ్శబ్దానికే మిసాతొకి మెలకువ వచ్చినట్టుంది.

"ఎక్కడున్నాం?"

"రేవులో."

"అయ్యో, లేపలేదేం?"

"లేపితే మళ్ళీ వంట, మళ్ళీ తెల్లారగట్టే లేవడం. మిసాతొ, బండి తీసేసేదాకా ఆగకు. పట్నంలో గది చూసుకో."

అది నిటారుగా కూర్చుంది. చెంప మీద నా కోటు ముడతల అచ్చు పడి ఉంది. "నన్ను వెళ్ళిపొమ్మంటున్నారా?"

"పడుకోమంటున్నాను."

బండి వెనక్కి బయల్దేరింది. అది కిటికీ వైపు తిరిగింది. బయట చీకటి పడింది, చూడటానికేమీ లేదు. "మీకు ఇంట్లో ఎవరు తోడు?" అంది. హిసయె ఉందిగా, దాని నోరు ఒక్కటి చాలు నలుగురికి, అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

నవంబరులో ఆఫీసు వెనక వీధిలో గది తీసుకుంది. దాని లెక్క అది ఉన్నదున్నట్టే రాసి ఇచ్చింది. వసంతంలో బండి ఆగిపోయింది. మా ఊళ్ళో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. హిసయె మాత్రం మానలేదు.

బస్సులో నాకు నడుము పట్టేస్తుంది. అయినా ఊరేసిన ముల్లంగి దుంపలు పట్టుకుని ఒకసారి వెళ్ళాను. గది చిన్నది. కిటికీ తీస్తే కార్లు పెట్టుకునే చోటు కనబడుతుంది. టీ పెట్టి నా ముందు కూర్చుని, ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది.

"ఇప్పుడు ఏడున్నరకి లేస్తున్నాను, అత్తయ్యా."

"ఆదివారం?"

"ఆదివారం పదికి."

మంచిదే అన్నాను. కొంచెం బుగ్గలు వచ్చాయి దానికి. ముల్లంగి కోసిస్తానని లేచి, పంపు దగ్గర నిలబడి, నీళ్ళు కావలసినదానికన్నా ఎక్కువసేపే వదిలాను.